చిన్న మడుగులో ట్రౌట్ చేప కనిపిస్తోంది, నింఫ్‌ని ముట్టడం లేదు: సమాధానం

నింఫ్ (నీటి పురుగు పిల్లలా కట్టిన ఎర గాలం) రంగులు మార్చి మార్చి వేసినా ట్రౌట్ ముట్టడం లేదని అడిగారు. లోపం నింఫ్‌ది కాదండి, లైన్‌ది, అంటే రాడ్ నుంచి వచ్చే లావుపాటి తాడుది. అమెరికాలోని స్మోకీ పర్వతాల వాగుల్లో మడుగు మధ్య నీరు వడిగా పోతుంది. దాని మీద లైన్ పడితే నింఫ్ మునగకముందే కొట్టుకుపోతుంది. మీలా రంగులు ఎన్ని మార్చినా అంతే.

1. దిగువ నుంచి వంగి రండి. ట్రౌట్ ఎగువకి ముఖం పెట్టి ఉంటుంది.
2. నీళ్లు మడుగులోకి దూకేచోట, నురగలో వేయండి. బరువుకి పూస ఉన్న 14 సైజు (గాలం కొలత) నింఫ్ ఒక్కటి చాలు.
3. చాలామంది వదిలేసేది ఇదే: నింఫ్ పడగానే రాడ్ కొన పైకెత్తండి. లైన్ నీటిని అస్సలు తాకకూడదు, లైన్ చివర కట్టే సన్నటి దారం, లీడర్, మాత్రమే తాకాలి. నింఫ్ మీవైపు వస్తున్నకొద్దీ రాడ్ కొన కూడా దాంతోపాటే కదలాలి. లాగొద్దు, లైన్ వేలాడనివ్వొద్దు.
4. లీడర్ ఆగినా, పక్కకి జరిగినా వెంటనే రాడ్ ఎత్తండి. చాలాసార్లు రాయే తగులుతుంది, అయినా ఎత్తాల్సిందే.

నాలుగైదు సార్లు వేశాక పై మడుగుకి వెళ్లిపోండి.