పచ్చికలో గడ్డి పోయిన చోట ముందు మట్టిని చూడండి

ప్రశ్న: పర్లాకిమిడిలోని మా ఇంటి ముందు మూడేళ్ల కిందట గరికతో లాన్ వేయించాము. ఈ వానాకాలంలో గేటు నుంచి అరుగు దాకా నడిచే దారి వెంట, మామిడి చెట్టు కింద, ఎవరూ అడుగు పెట్టని నడిమధ్యన కూడా గడ్డి పోయి నేల కనిపిస్తోంది. శ్రావణంలో ఒకసారి, భాద్రపదంలో ఒకసారి కొత్త గడ్డి నాటించినా నిలవలేదు. ఏమి చేయాలి?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: మొదటి గడ్డిని చంపిన కారణం అక్కడే ఉండగా దానిమీద ఎన్నిసార్లు నాటినా కొత్త గడ్డి బతకదు. మీరు చెప్పిన మూడు చోట్లా కారణం ఒకటే అయి ఉండదు.

నడిమధ్యన పోయిన గడ్డి గురించే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. ఆ మచ్చ అంచున పసుపు తిరుగుతున్న గడ్డిని గుప్పెట పట్టి మెల్లగా పైకి లాగి చూడండి. అది వేళ్లు లేకుండా చాప చుట్టినట్టు లేచి వస్తే, వేరు పురుగు పట్టిందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. అక్కడే జానెడు లోతు తవ్వితే, గోధుమ రంగు తలతో, తెల్లగా, లావుగా, నెలవంకలా ముడుచుకుని పడుకున్న పురుగులు కనిపిస్తాయి. తొలకరి వానలకు నేలలోంచి వచ్చే పెంకు పురుగులు రాత్రిపూట వేప వంటి చెట్ల ఆకులు తిని, మట్టిలో గుడ్లు పెడతాయి. ఆ పిల్లలే వానాకాలమంతా వేళ్లు తింటాయి. కనుక ఆ భాగాన్ని తిరగవేసి వారం రోజులు ఎండకు వదిలేయండి. చాలా పురుగులను గోరింకలు, కోళ్లు ఏరుకు తింటాయి, మిగిలినవాటిని మీరు చేత్తో ఏరివేయండి. వచ్చే ఏడాది తొలి వానల తర్వాత చీకటి పడ్డాక వేప కొమ్మలు దులిపి, రాలిన పెంకు పురుగులను కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేయండి. పురుగు కనిపించక, గునపం ఇటుక ముక్కలకో సిమెంటు పెళ్లలకో తగిలితే, ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన ఆ చెత్తను తీసివేయక తప్పదు.

తర్వాత మచ్చ చుట్టూ ఆరోగ్యంగా ఉన్న గడ్డి దాకా చతురస్రంగా కోసి, ఆరు అంగుళాల లోతు గుల్ల చేసి, బాగా చివికిన పశువుల ఎరువు, కొద్దిగా వేప పిండి కలపండి. తడిపితే మట్టి కుంగుతుంది కాబట్టి చుట్టుపక్కల కంటే అర అంగుళం ఎత్తుగా నింపండి. రెండు మూడు కణుపులున్న గరిక ముక్కలను మూడేసి అంగుళాల దూరంలో, కనీసం ఒక కణుపు మట్టిలో ఉండేలా ఏటవాలుగా నాటి, అరచేత్తో గట్టిగా అదమండి. రెండు వారాలు మట్టి ఆరనివ్వకండి. చలి ముదిరితే గరిక ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి ఈ పని దీపావళి లోపే ముగించండి. అరచేతికంటే చిన్న ఖాళీలలో నాటనే అక్కరలేదు. మట్టి గుల్ల చేస్తే పక్కనున్న గరికే పాకి కమ్ముకుంటుంది.

దారి వెంట తొక్కుడుకు నేల బిగిసిపోయి ఉంటుంది. అక్కడ మళ్లీ గడ్డి నాటడం దండగ; కాలు మోపే చోటికొక బండ చొప్పున నేలకు సమంగా పరచండి. మామిడి కింది నీడలో గరిక నిలవదు. కొమ్మలు పలచన చేసినా రోజుకు నాలుగైదు గంటల ఎండ పడకపోతే, ఆ చోటును రాలిన ఆకులకే వదిలేయడం మంచిది.