ఒకే రైఫిల్, రెండు పనులు: 6.5 క్రీడ్‌మోర్ కొనాలా, .308 కొనాలా?

ప్రశ్న: హెచ్1బీ మీద డాలస్ వచ్చి ఏడాది దాటింది అన్నా. నవంబరులో జింకల వేటకు రమ్మని ఆఫీసు స్నేహితులు పిలుస్తున్నారు. లాంగ్ రేంజ్ టార్గెట్ షూటింగ్ కూడా నేర్చుకోవాలని ఉంది. రెండింటికీ పనికొచ్చేలా ఒకే రైఫిల్ కొనాలంటే 6.5 క్రీడ్‌మోర్ మంచిదా, .308 మంచిదా?

తమ్ముడూ, టెక్సస్‌లో ఉంటూ ఒకే రైఫిల్‌తో రెండు పనులూ కావాలంటే 6.5 క్రీడ్‌మోర్ తూటా కాల్చే రైఫిల్ తీసుకో (.308 కూడా తూటా పేరే). ఎందుకో కింద చెప్తాను. కానీ హెచ్1బీ అన్నావు కాబట్టి ముందు లైసెన్సు సంగతి తేలాలి. అది తేలేదాకా షాపు గుమ్మం ఎక్కొద్దు.

హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. వీసా మీద ఉన్నవాళ్లకు చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో నీలాంటి ఉద్యోగికి అందుబాటులో ఉండేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. రేంజిలో అద్దె తుపాకీ పట్టుకున్నా, స్నేహితుడి రైఫిల్‌తో ఒక్క రౌండు కాల్చినా ఇదే రూలు. అందరూ వెళ్తున్నారు కదా అంటావేమో. వెళ్తున్నారు, నిజమే. కానీ ఇది ఫైన్ కట్టి బయటపడే వ్యవహారం కాదు. నేరం రుజువైతే జైలు, ఆపైన దేశం నుంచి పంపేయడం దాకా పోవచ్చు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడిన కుటుంబాలు ఒక శనివారం సరదా కోసం ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకోవడం చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

టెక్సస్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందులను వేటాడటానికి 2019 సెప్టెంబరు నుంచి ఇక్కడ వేట లైసెన్సు అక్కర్లేదు. మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. సిటిజన్ అయిన స్నేహితుడు "పందులకు లైసెన్సు ఎందుకు, వచ్చేయ్" అంటాడు. అతని వరకు ఆ మాట నిజం. నీకు మాత్రం లైసెన్సు కావలసింది పంది కోసం కాదు, చేతిలో ఉన్న రైఫిల్ కోసం. లైసెన్సు సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది. రైఫిల్ ఇంట్లో తాళం వేసి ఉన్నా సరే, మధ్యలో లైసెన్సు లేని రోజు ఒక్కటి కూడా ఉండకూడదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. 17 ఏళ్లు నిండితే ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. నీ వీసా సంగతిలో ఏ చిక్కు ఉన్నా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు.

ఇక తూటాల దగ్గరికి వద్దాం. .308 అన్నది బుల్లెట్ వ్యాసం, అంగుళాల్లో. 6.5 అన్నదీ సుమారుగా వ్యాసమే, కాకపోతే మిల్లీమీటర్లలో. పెట్టె మీద కనిపించే గ్రెయిన్లు లోపలి మందు బరువు అని కొత్తవాళ్లు అనుకుంటారు. అది ముందుకు ఎగిరిపోయే బుల్లెట్ బరువు. 180 గ్రెయిన్లంటే సరిగ్గా మన పాత తులం, 11.66 గ్రాములు. దూరాలన్నీ గజాల్లో చెప్తారు, ఆ లెక్క ఇళ్ల స్థలాలు కొన్న మనవాళ్లకు కొత్త కాదు.

.308 విన్‌చెస్టర్ 1952లో వచ్చింది. 7.62 నాటో సైనిక తూటా దాదాపు ఇదే. మన సైన్యం దశాబ్దాల పాటు వాడిన ఎస్ఎల్ఆర్ రైఫిల్ కూడా ఆ 7.62 తూటాదే. 6.5 క్రీడ్‌మోర్ కొత్తది. హార్నడీ కంపెనీ 2007లో గురి పోటీలను దృష్టిలో పెట్టుకుని తయారు చేసింది. న్యూయార్క్ క్వీన్స్‌లో క్రీడ్‌మోర్ అనే పాత రైఫిల్ రేంజి ఉండేది. 1874లో అమెరికా, ఐర్లండ్ జట్లు పోటీపడింది అక్కడే. తూటాకు ఆ పేరే పెట్టారు.

రెండింటి వేగంలో పెద్ద తేడా లేదు. 140 గ్రెయిన్ల 6.5 బుల్లెట్, 168 గ్రెయిన్ల .308 బుల్లెట్, రెండూ సెకనుకు దాదాపు 2,700 అడుగుల వేగంతో బయల్దేరతాయి. తేడా అంతా ఆకారంలో ఉంది. 6.5 బుల్లెట్ సన్నగా, పొడుగ్గా ఉండి గాలిని తేలిగ్గా చీల్చుకుపోతుంది. ఈ గుణాన్ని బాలిస్టిక్ కోఎఫిషంట్ అనే అంకెతో చెప్తారు, అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. హార్నడీ వాళ్ల ఈఎల్‌డీ మ్యాచ్ బుల్లెట్లలో 140 గ్రెయిన్ల 6.5కి అది 0.646, 168 గ్రెయిన్ల .308కి 0.523. స్కోపును (రైఫిల్ మీద గురి చూసే దుర్భిణిని) 100 గజాలకు సరిచేసి 1,000 గజాల్లో కాలిస్తే 6.5 సుమారు 26 అడుగులు కిందికి దిగుతుంది. .308 ఇంకో ఐదారడుగులు ఎక్కువ దిగుతుంది.

దిగడం పెద్ద సమస్య కాదు, దూరం తెలిస్తే లెక్క వేసి స్కోపు తిప్పుకోవచ్చు. ఏడిపించేది పక్కగాలి. గంటకు 10 మైళ్ల పక్కగాలికి 1,000 గజాల్లో 6.5 సుమారు ఆరడుగులు పక్కకు జరుగుతుంది, .308 ఏడున్నర దాకా పోతుంది. గాలి నీ దగ్గర ఒకలా, టార్గెట్ దగ్గర ఇంకోలా వీస్తుంది. దాన్ని ఎంత తప్పుగా అంచనా వేసినా తక్కువ నష్టంతో సరిపెట్టే తూటా కొత్తవాడికి కావాలి. టెక్సస్ మైదానాల్లో గాలి ఎలా ఉంటుందో చూస్తూనే ఉన్నావుగా!

కాల్చగానే రైఫిల్ భుజాన్ని తన్నడం గురించి షాపులో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఒకే బరువున్న రైఫిళ్లలో 6.5 దెబ్బ .308 కన్నా సుమారు పావు వంతు తక్కువ. 1963 నాటి .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అయితే 6.5కి దాదాపు రెట్టింపు తంతుంది. పవర్ ఎక్కువని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాన్ని కొంటే ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకోవడం, భుజం బిగించడం అలవాటవుతుంది. ఆ ఉలికిపాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం చాలా కష్టం. అందుకే ఎన్‌సీసీలో ఇచ్చే పాయింట్ టూటూ రైఫిల్ లాంటి దాని దగ్గరే మొదలుపెట్టు. తూటాలు చవక, దెబ్బ లేదు, తప్పులన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

.308 పక్షాన కూడా చెప్పాల్సింది ఉంది. దాని బ్యారెల్ గురి చెడకుండా ఐదు వేల రౌండ్ల దాకా వస్తుంది, 6.5కి రెండు మూడు వేలు. పొట్టి బ్యారెల్‌తో దగ్గర నుంచి పందుల్ని కాల్చడమే నీ పనైతే నేను .308నే చెప్పేవాణ్ణి.

జింకల వేటకు వస్తే ఈ లెక్కలన్నీ పలచబడతాయి. హిల్ కంట్రీలో (మధ్య టెక్సస్ కొండ ప్రాంతంలో) మాటు వేసి కాల్చే జింక సాధారణంగా 200 గజాల లోపే ఉంటుంది. అక్కడ రెండూ ఒకటే. 1955 నాటి .243 విన్‌చెస్టర్ కూడా చక్కగా సరిపోతుంది, పైగా ఇంకా తక్కువ తంతుంది. మీ ఆవిడ కూడా నేర్చుకుంటానంటే అదే మంచిది, ఆమెకూ వేట లైసెన్సు మాత్రం తప్పనిసరి. వేటలో తూటా పేరు కన్నా బుల్లెట్ రకం ముఖ్యం. మ్యాచ్ అని రాసి ఉన్నవి కాగితం టార్గెట్ల కోసం. జంతువు శరీరంలో సరైన రీతిలో విచ్చుకునేలా చేసినవి వేట బుల్లెట్లు, అవి వేరే. హార్నడీలోనే ఈఎల్‌డీ మ్యాచ్ టార్గెట్లకు, ఈఎల్‌డీ ఎక్స్ వేటకు. పేర్లు దగ్గరగా ఉంటాయి, పెట్టె మీద చదివి కొను.

ఇంకొకటి గట్టిగా చెప్తాను. 1,000 గజాల దూరంలోని ఇనుప పలకను మోగించినంత మాత్రాన అంత దూరంలో జింకను కాల్చే హక్కు రాదు. బుల్లెట్ అక్కడికి చేరడానికి సుమారు సెకనున్నర పడుతుంది. ఈలోగా జింక ఒక్క అడుగు వేస్తే గుండెకు తగలాల్సింది పొట్టకు తగులుతుంది, అది గంటల తరబడి నరకం అనుభవించి చస్తుంది. మొదటి సీజన్లలో 200 గజాలు దాటొద్దు. ఎంత దూరమైతే వరసగా ఒక్కటి కూడా తప్పకుండా కొట్టగలవో అదే నీ హద్దు.

ఇదంతా టెక్సస్ లెక్క. ఒహాయోలో జింకలకు రైఫిల్ వాడాలంటే కేసు (తూటా ఇత్తడి గొట్టం) మెడ దగ్గర సన్నబడకుండా నిటారుగా ఉన్న తూటాలే ఉండాలి. కొలంబస్‌లో ఉన్నవాళ్లు 6.5 కొంటే జింకల వేటకు పనికిరాదు, .350 లెజెండ్ లాంటిది చూడాలి. న్యూజెర్సీలో జింకలకు ఇలాంటి రైఫిళ్లే ఒప్పుకోరు. షాట్‌గన్, మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ), విల్లు మాత్రమే. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటలో సీసం వాడకూడదు, రాగి బుల్లెట్లు కొనాలి. కొలరాడోలో జింకకు .24 అంగుళాల కన్నా సన్న బుల్లెట్ కుదరదు.

రేంజి బల్ల మీద ఎప్పుడూ ఒకే రకం తూటాలు ఉంచు. .300 బ్లాక్‌అవుట్ తూటా .223 రైఫిల్‌లో పట్టేస్తుంది, కాలిస్తే రైఫిల్ పేలుతుంది. బ్యారెల్ మీద చెక్కిన పేరు, తూటా అడుగున ఉన్న పేరు ఒకటేనో కాదో ప్రతిసారీ చూసుకో.

చివరగా ఇండియా ప్రయాణం. బ్యాగు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా దొరికినా మన విమానాశ్రయాల్లో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. పెళ్లికో, అమ్మానాన్నలను చూడటానికో వచ్చినవాళ్లు ఇలా పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగారు. రేంజికి వాడే బ్యాగు వేరుగా ఉంచు, దాన్ని విమానం ఎక్కించొద్దు. వేటకు వేసుకున్న కోటు జేబులు కూడా తిప్పి చూడు, కాల్చేసిన తూటా ఖాళీ గొట్టం కూడా ఉండకూడదు.