పడవ కాపురానికి ఈతకంటే ముందు నీళ్ల లెక్క రావాలి

"మేమిద్దరం తిరుపతిలో ఉంటాం. రిటైరయ్యాక కొన్నాళ్లు తెరచాప పడవలోనే ఉంటూ తీరం వెంబడి తిరగాలని ఉంది. ఈత అంతంతమాత్రం, సముద్రం అలవాటు లేదు. భార్యాభర్తలకు అది అయ్యే పనేనా?" అని అడిగారు.

అవుతుంది. నేను, మా ఆయన అయిదు నెలలు అలా ఉండి వచ్చాం. సముద్రం పక్కన పుట్టినవాళ్లకంటే మన చిత్తూరు వైపు వాళ్లకే ఆ కాపురం బాగా కుదురుతుందని నా గట్టి నమ్మకం.

నేను పుట్టింది పలమనేరు దగ్గర పల్లెలో. వెయ్యి అడుగులు బోరు దింపినా దుమ్ము లేచిన ఊరు మాది. ట్యాంకరు వచ్చిన రోజే పండగ. మా అవ్వ ఒక్క చెంబుతో ముఖం, కాళ్లు కడుక్కుని, ఆ నీళ్లు కరివేపాకు చెట్టు మొదట్లో పడేలా చూసుకునేది. బియ్యం కడిగిన నీళ్లు ఆవుకు పోయేవి. దాన్ని ఎవరూ పొదుపు అనేవాళ్లు కాదు. నీళ్లు వాడడమంటేనే అది.

మా ఆయన ఉద్యోగం వల్ల అమెరికాలో, వర్జీనియాలోని నార్ఫోక్‌లో చాలా ఏళ్లు ఉన్నాం. అక్కడి నుంచి మయామీ దాకా తీరానికి లోపలివైపు ఒక జలమార్గం ఉంది. ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అంటారు. నదులు, ఉప్పుటేర్లు, తవ్విన కాలువలు అన్నీ కలిపి సుమారు 1,095 మైళ్లు. సున్నా మైలు నార్ఫోక్‌లోనే. చలికాలం మొదలవగానే పడవలు ఆ దారిన దక్షిణానికి బయల్దేరతాయి. పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లాక మేం 34 అడుగుల పాత పడవ ఒకటి కొన్నాం. అంతకుముందు ఏడాదంతా శని, ఆదివారాల్లో ఈత నేర్చుకున్నాం. అయినా లైఫ్ జాకెట్ లేకుండా నేను పైకి ఎక్కింది లేదు, మీరూ ఎక్కకండి.

వీడియోలు చూసి మోసపోవద్దు. అందులో ఎప్పుడూ తెరచాప ఎగురుతూ ఉంటుంది. ఆ కాలువల్లో దారి సన్నం, గాలి సగం రోజులు ఎదురు, ఎక్కువగా డీజిల్ ఇంజన్ మీదే పోవాలి. గంటకు తొమ్మిది, పది కిలోమీటర్లు. తెరుచుకునే వంతెన వస్తే రేడియోలో పిలిచి, వాళ్లు తెరిచేదాకా ప్రవాహంలో నిలదొక్కుకోవాలి. వంట, వంతెన, లంగరు, నిద్ర. ఇదీ దినచర్య. నాకు మాత్రం ఆ నింపాది చాలా నచ్చింది.

ఇక నీళ్లు. మా మంచినీళ్ల ట్యాంకు 60 గ్యాలన్లు, అంటే 227 లీటర్లు. పదిహేను రోజులకు సరిపెట్టాలంటే ఇద్దరికీ కలిపి రోజుకు 15 లీటర్లు. మా ఆయనది నెల్లూరు జిల్లా కోవూరు. పెన్న కాలువ పక్కన పెరిగిన మనిషి, కొళాయి తిప్పి వదిలేసి పళ్లు తోముకుంటారు. మొదటి ట్యాంకు నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆ రోజు మేం పోట్లాడుకున్నంతగా ముప్పై ఏళ్లలో ఎప్పుడూ పోట్లాడుకోలేదు. తరువాత లెక్క నేను తీసుకున్నాను. గిన్నెలు ముందు ఉప్పునీళ్లలో, ఆఖరున మాత్రం మంచినీళ్లలో. స్నానం చెంబులెక్కన. తిరుపతి నుంచి తెచ్చుకున్న స్టీలు బిందె నిండా నీళ్లు పట్టి, మూత బిగించి, బల్ల కింద తాడుతో కట్టాను. "పడవలో బిందె ఏందే?" అన్నారాయన.

డిసెంబరు రెండో వారం, జార్జియాలో ఉన్నాం. అక్కడ సముద్రం నీళ్లు ఎక్కే పోటుకూ, దిగే పాటుకూ తేడా ఏడెనిమిది అడుగులు. లిటిల్ మడ్ రివర్ అని ఒక చోటు ఉంది. ఆ దారిలో పోయేవాళ్లందరికీ దాని పేరు చెబితే టెన్షనే. మా పడవకు అయిదడుగుల లోతు కావాలి. పాటు సగం దిగాక వెళ్లాం, అదే తప్పు. మెత్తగా ఆగిపోయింది. నీళ్లు దిగేకొద్దీ పడవ మెల్లగా పక్కకు ఒరిగింది. చుట్టూ గడ్డి, బురద, ఆ వాసన. మళ్లీ పోటు వచ్చి లేపేదాకా ఆరు గంటలు గోడకు పాదాలు తన్నిపెట్టి కూర్చోవాలి.

అప్పుడు అడుగున పంపు మోగింది. లోపలికి నీళ్లు చేరితే దానంతట అదే తిరిగే పంపు అది. మా ఆయన ముఖం తెల్లబోయింది, చిల్లు పడిందన్నారు. నేను చెక్క ఎత్తి, చెయ్యి ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. డీజిల్ వాసన ఉంది, ఉప్పు లేదు! చుట్టూ ఉన్నవి ఉప్పునీళ్లు, ఇవి తియ్యటివి. పడవ ఒరిగినప్పుడు పనిముట్ల పెట్టె జారి ట్యాంకు పైపు ఊడగొట్టింది. పడవ మునగడం లేదని ప్రాణం కుదుటపడింది. కానీ తాగే నీళ్లన్నీ పంపు బయటికి తోసేస్తోంది, మేం పైపు పట్టుకునేసరికి ట్యాంకులో చుక్క లేదు.

చీకటి పడే వేళకు పడవ లేచింది. మర్నాడు ఫ్రెడెరికా నదిలో లంగరు వేశాం. రెండు రోజులు దట్టమైన మంచు, వంద అడుగుల అవతల ఏమీ కనబడదు, కదల్లేదు. ఆ బిందెడు నీళ్లతోనే గడిచింది. సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి నూరాను. మా ఆయన గ్లాసుతో కొలిచి పోసుకున్నారు. ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు.

ఇంకో సంగతి. ఇలా తిరగడానికి అమెరికా దాకా పోవాల్సి వచ్చిందే అని నాకు కడుపు మండుతుంది. మీ తిరుపతి జిల్లాలోనే తడ, సూళ్లూరుపేట వైపు బకింగ్‌హామ్ కాలువ ఉంది. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. ధాత కరువులో, 1877-78లో, గంజి కోసం వచ్చిన జనం చేత తవ్వించిన ముక్క కూడా అందులో ఉంది. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, బియ్యం తెరచాప పడవల్లో ఆ దారిన మద్రాసుకు పోయేవి. 2008లో దాన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. కిందటేడు తడ దగ్గర గట్టు మీద నిలబడి చూశాం. పూడిక, ముళ్లకంప. మా ఆయన చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

మీరు పడవ బేరం చేయకముందు ఒక పని చేయండి. ఇంట్లో కొళాయిలు కట్టేసి, రోజూ పొద్దున 15 లీటర్లు పట్టుకుని, ఇద్దరూ పదిహేను రోజులు ఒకే గదిలో వంట, స్నానం, నిద్ర కానివ్వండి. అది గడిచాక నాకు రాయండి. ఏ నెలలో బయల్దేరాలో, ఎక్కడ పోటు కోసం ఆగాలో చెబుతాను.