గీతలు గీసే ఉద్యోగమని తీసిపారేయకండి, మాస్టారూ

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి ఈ ఏడాదే సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో డిజిటల్ మ్యాపులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఉపగ్రహ చిత్రాల మీద రోడ్లు గీయడమట పని. జీతం తక్కువ. బంధువులంతా ఏఐ, డేటా సైన్స్ కోర్సు చేయించమంటున్నారు. రెండు లక్షలు కట్టడానికి నేను సిద్ధమే గానీ అమ్మాయి వినడం లేదు. మొన్న తిరుమల నుంచి దిగేటప్పుడు కూడా కొండలు చూడకుండా ఫోన్‌లో మ్యాపు పట్టుకుని, మలుపు దగ్గర గీత రోడ్డు దాటి వెళ్లిందని చూపిస్తూ కూర్చుంది. ఈ పనికి భవిష్యత్తు ఉందా? ఈ ఉద్యోగం, ఆ కోర్సు, ఎంటెక్ మూడూ పోల్చి చెప్పండి.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. భవిష్యత్తు ఉందా అని అడిగారు గానీ మిమ్మల్ని తొలుస్తున్నది అది కాదనిపించింది. నాలుగేళ్లు ఫీజులు కట్టి చదివిస్తే పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుని గీతలు గీయడమేమిటి, ఎవరైనా అడిగితే ఏమని చెప్పుకోవాలి? ఇదీ అసలు బాధ. ఏటా రిజల్ట్స్ వచ్చాక ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. ఉద్యోగం పేరు మారుతుంది, టెన్షన్ మాత్రం అదే.

ముందు ఆ గీత సంగతి చూద్దాం. మనం వాడే చాలా మ్యాపుల డేటాబేస్‌లో వంపు అనేదే ఉండదు. రోడ్డంటే వరసగా పెట్టిన బిందువులు, వాటిని కలిపే సరళరేఖలు, అంతే. 2004లో మొదలైన, ఎవరైనా గీయగల ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇప్పటికీ ఇదే పద్ధతి. ఒక్కో బిందువుకు అక్షాంశం, రేఖాంశం ఏడు దశాంశ స్థానాల వరకు రాసుకుంటారు. ఒక గీతలో 2000 బిందువులకు మించి పెట్టనివ్వరు. మలుపు గుండ్రంగా రావాలంటే బిందువులు దగ్గర దగ్గరగా పెట్టాలి. ఎంత దగ్గరగా అన్నది మీ పదో తరగతి లెక్కే.

ఘాట్ రోడ్లలో హెయిర్‌పిన్ మలుపుకు లోపలి వ్యాసార్థం కనీసం 14 మీటర్లు ఉండాలని రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ మాట. ఆ వృత్తం మీద రెండు బిందువులను కలిపే 20 మీటర్ల సరళరేఖ, అంటే జ్యా, గీయండి. మ్యాపులో రెండు బిందువుల మధ్య గీత అదే. కేంద్రం నుంచి దానికి లంబం వేసి పైథాగరస్ సిద్ధాంతం వాడండి. చాపం నడిమికీ జ్యాకూ మధ్య ఎడం 4.2 మీటర్లు వస్తుంది. ఒక లేన్ వెడల్పే 3.5 మీటర్లు! అంటే కారు రోడ్డు మీదే ఉంటుంది, మ్యాపులోని గీత మాత్రం మలుపును అడ్డంగా కోసేసి పక్కకు పోతుంది. జ్యాను 10 మీటర్లు చేస్తే ఎడం 92 సెంటీమీటర్లకు, 5 మీటర్లు చేస్తే 22 సెంటీమీటర్లకు దిగుతుంది. అదే 500 మీటర్ల వ్యాసార్థమున్న హైవే వంపులో అయితే 20 మీటర్లకో బిందువు పెట్టినా తేడా 10 సెంటీమీటర్లే. అన్నిచోట్లా కుప్పలుగా బిందువులు పెడితే డేటా బరువెక్కుతుంది, తగ్గిస్తే మలుపులు పాడవుతాయి. ఏ బిందువు ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదాని మీద డగ్లస్, ప్యూకర్ అనే ఇద్దరు 1973లో ఇచ్చిన పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు.

మీరు దిగింది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీద. కొండ పక్కన జీపీఎస్ సిగ్నల్ కూడా కాస్త తప్పుతుంది కాబట్టి ఆ రోజు ఫోన్‌లో కనిపించినదంతా బిందువుల లోపమే అని చెప్పలేను. కానీ గీత ఎందుకు పక్కకు పోయిందని ఆ అమ్మాయికి అనుమానం వచ్చింది చూశారా, ఈ రంగానికి కావలసింది అదే. దాన్ని మీరు నాకు ఫిర్యాదులా రాశారు. కోప్పడకండి, లెక్కల మాస్టారి కూతురు కళ్లెదుట వృత్తం, జ్యా చూపిస్తుంటే కొండలు చూడలేదని బాధపడటం నాకు నచ్చలేదు.

ఇంకో సంగతి. సివిల్ చదివినవాళ్లకు ఇక్కడ పై చేయి ఉంది. తిన్నగా వచ్చే బండి ఒక్కసారిగా వృత్తంలోకి తిరగలేదు, స్టీరింగ్ కొద్దికొద్దిగా తిప్పాలి. అందుకే రోడ్డు వేసేటప్పుడే తిన్నని భాగానికీ వృత్తానికీ మధ్య స్పైరల్ పెడతారు. అందులో వంపు దూరంతో పాటు సమానంగా పెరుగుతూ పోతుంది. మీ అమ్మాయి సర్వేయింగ్‌లో ట్రాన్సిషన్ కర్వ్ పేరుతో చదివింది దీన్నే. డ్రైవర్ లేని బండ్లను కంప్యూటర్‌లో పరీక్షించడానికి వాడే ఓపెన్‌డ్రైవ్ ఫార్మాట్‌లో రోడ్డును బిందువుల వరసగా దాచరు. రేఖ, చాపం, స్పైరల్ అని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు మొదలయ్యే చోటు, దిశ, పొడవు, వంపు రాస్తారు. కోడింగ్ మాత్రమే వచ్చిన పిల్లలకు ఈ స్పైరల్ దగ్గర మొదటి నుంచి చెప్పుకురావాలి.

ఇప్పుడు నా భయాలు కూడా వినండి. చిత్రం చూసి గీత గీయడం అనే పనిని యంత్రాలు వేగంగా లాక్కుంటున్నాయి. రెండేళ్ల తర్వాత కూడా అమ్మాయి గీతలే గీస్తూ ఉంటే ఆ ఉద్యోగం వదిలేయాల్సిందే, మొహమాటం వద్దు. డ్రైవర్ లేని కార్ల మ్యాపులంటూ చెప్పే గొప్పలు కూడా పూర్తిగా నమ్మకండి. ముందే గీసిన వివరమైన మ్యాపు లేకుండా కెమెరాలతోనే బండి నడపాలని చూస్తున్న కంపెనీలూ ఉన్నాయి. మరి తప్పు గీతను పట్టుకునే పని, ఏ రోడ్డును ఏ రూపంలో దాచాలో తేల్చే పని ఎవరు చేస్తారు? దానికి మనిషి కావాలి. మొదటి మెట్టు నుంచి అక్కడికి ఎక్కడమే ఆమె లక్ష్యం కావాలి.

ఆ రెండు లక్షల కోర్సు విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. అలాంటి కోర్సులు చేసి నా దగ్గరికి వచ్చిన పిల్లల రెజ్యూమేలు తెరిస్తే అందరి ప్రాజెక్టూ ఒకటే: టైటానిక్ ఓడలో ఎవరు బతికారు, ఎవరు పోయారు. మీ అమ్మాయిదీ అదే, పక్కింటి అబ్బాయిదీ అదే అయితే ఇంటర్వ్యూ చేసేవారు ఎవరిని పిలవాలి? స్టెప్పులు లేకుండా జవాబు రాస్తే మీరు మార్కులు వేయరు కదా. ఎంతమందికి, ఎక్కడ, ఏ ఉద్యోగం వచ్చిందో చూపించని సంస్థకు రెండు లక్షలు ఎలా కడతారు? బంధువులు చెప్పారని కట్టకండి. ఫీజు కట్టేది వాళ్లు కాదు, రేపు పొద్దున ఖాళీగా కూర్చుంటే మాటలు పడేది మీ అమ్మాయి. ఏఐ వద్దనడం లేదు. చేతిలో ఒక సొంత సమస్య ఉన్న పిల్లకు అది పనిముట్టు అవుతుంది, లేని పిల్లకు సర్టిఫికెట్‌గా మిగులుతుంది.

పైథాన్ అనే కోడింగ్ భాష, మ్యాపులు గీసే క్యూజీఐఎస్, మ్యాపుల డేటా దాచే పోస్ట్‌జీఐఎస్ ఖర్చు లేకుండా ఇంట్లోనే నేర్చుకోవచ్చు. పోస్ట్‌జీఐఎస్‌లో చాపాన్ని చాపంగానే దాచే ఏర్పాటు ఉంది, దాన్ని చూడమనండి, ఇష్టపడుతుంది. ఇస్రోకు చెందిన, డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను చదవడం), జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల విద్య) మీద ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది.

ఎంటెక్ మంచి దారే, కానీ ఇప్పుడే తొందర లేదు. 2022 నుంచి ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో సర్వే, మ్యాపుల శాస్త్రమైన జియోమాటిక్స్‌కు వేరే పేపర్ ఉంది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఈ చదువు ఉంది, ఉప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ మ్యాపుల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. ఏడాదో రెండేళ్లో పనిచేసి వెళ్తే అక్కడ ఏం అడగాలో తెలుస్తుంది. 2021లో కేంద్రం మ్యాపు డేటా మీద ఆంక్షలు సడలించాక ప్రైవేటు కంపెనీలకు అనుమతుల బెడద తగ్గింది. దేశంలో ఈ పని పెరగడానికి అది మేలే చేసింది.

చేరే ముందు కంపెనీని నాలుగు మాటలు అడగమనండి. బాండ్ ఉందా? ఉంటే ఎన్నేళ్లు? రాత్రి షిఫ్టుల్లో ఇంటికి దించే బండి ఇస్తారా? గీతలు గీసే టీమ్ నుంచి తనిఖీ చేసే టీమ్‌కు ఎంత కాలంలో మారవచ్చు? బాండ్ ఏడాది దాటితే సంతకం పెట్టించకండి, ముందు ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపండి. లేకపోతే చేర్చేయండి. ఈలోగా ఒక సాయంత్రం మీరిద్దరూ కూర్చుని, ఆ ఘాట్ రోడ్డులో ఒక్క మలుపును ముందు ఐదు బిందువులతో, తర్వాత పదిహేను బిందువులతో గీసి చూడండి. జ్యా లెక్క మీరు వేయండి, గీత ఆమె గీస్తుంది.