నాన్నకు పట్టిన చేతులే కదా

గుంటూరు నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఇది. వయసు 25, బీకాం చదివింది. పక్షవాతం వచ్చిన నాన్నకు రెండేళ్ళు రోజూ మర్దన చేసింది. ఆయన పోయారు. ఇప్పుడు అదే పని వృత్తిగా నేర్చుకోవాలని ఉంది. ఊళ్ళో మూడు వారాల సర్టిఫికెట్ కోర్సు మేలా, కేరళలో ఏడాది కోర్సు మేలా అని అడిగింది. ‘పరాయివాళ్ళ ఒళ్ళు పడతావా, నాకు పిల్లనెవరిస్తారు’ అంటున్నాడట హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్నయ్య.

అమ్మా,

మూడు వారాలది వద్దు. మర్దన చేసేవాళ్ళకు మన దగ్గర డాక్టర్లకున్నట్టు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఎవరుపడితే వాళ్ళు సర్టిఫికెట్ చేతిలో పెట్టేస్తున్నారు. త్రిస్సూర్ జిల్లా చెరుతురుత్తిలో కేంద్ర ప్రభుత్వ పంచకర్మ పరిశోధన సంస్థ ఉంది, అక్కడ ఏడాది పాటు పంచకర్మ (నూనె మర్దన కూడా ఉండే ఆయుర్వేద చికిత్స) టెక్నీషియన్ కోర్సు నేర్పుతారు. దానికి ప్రయత్నించు. ముందు విజయవాడ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రికి వెళ్ళి ఈ పని చేసేవాళ్ళతో మాట్లాడు.

ఎక్కడ చేరినా, ఎవరికి చెయ్యకూడదో నేర్పుతారా అని అడుగు. ఒక కాలి పిక్క వాచి, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడి ప్రాణం పోవచ్చు. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్ళకు నూనె వేడి తెలియదు, బొబ్బలెక్కాకే చూసుకుంటారు. సిజేరియన్ అయిన బాలింతకు కుట్లు మాని, డాక్టరు సరేననేదాకా పొట్ట జోలికి పోకూడదు. నీ ఒళ్ళూ చూసుకోవాలి. అస్తమానం బొటనవేళ్ళతోనే నొక్కితే ఆ కీళ్ళు పాడవుతాయి. ముంజేతిని, ఒంటి బరువును వాడాలి. మర్దన చేసే బల్ల, నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే పిడికిలి కణుపులు తగిలేంత ఎత్తుంటే చాలు. అంతకంటే ఎత్తైతే భుజాలు, తక్కువైతే నడుము పట్టేస్తాయి.

కానీ నిన్ను ఆపుతున్నది కోర్సు కాదు. ఉత్తరం నిండా ‘అన్నయ్య ఒప్పుకోడు’ అనే మాటే ఉంది. రెండేళ్ళు నాన్నను పక్కకు తిప్పుతూ, వీపు పుండ్లు పడకుండా చూసింది నువ్వు. అన్నయ్య పండగలకు వచ్చి వెళ్ళాడని నువ్వే రాశావు. అప్పుడు ఆ చేతులు కావాల్సొచ్చాయి, జీతం వస్తుందనగానే పరువు తక్కువయ్యాయా? బాలింతకు నూనె పట్టించి నీళ్ళు పోసిన మనిషికి చీర పెట్టి పంపే ఇళ్ళు మనవి.

అతని పెళ్ళి మాట అలా ఉంచు. ‘కేరళ వెళ్తే అమ్మనెవరు చూస్తారు?’ అని కూడా అన్నాడని చివర్లో ఒక్క ముక్క రాశావే, అసలు సంగతి అదీ. మోకాళ్ళ నొప్పులున్న అమ్మను ఏడాది తను చూసుకోవాల్సి వస్తుంది. చూసుకోవాలి. కొడుకు అతను.

అన్నను గౌరవించు, పండక్కి పిలువు, అతని పెళ్ళికి ముందుండి పని చెయ్యి. అనుమతి మాత్రం అడగకు. ముందు అమ్మతో కూర్చుని మాట్లాడు. తర్వాత ఈ ఆదివారమే ఫోన్ చేసి, ‘అన్నయ్యా, నేను దరఖాస్తు పెడుతున్నాను. సీటొస్తే అమ్మను నీ దగ్గరికి తీసుకెళ్తావా, నువ్వే వచ్చిపోతుంటావా?’ అని అడుగు.