టైర్లు నేల మీద ఉండగానే ఇది చదువు

బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న 2008లో కొన్న మారుతి 800కు ఇకపై నువ్వూ పాపా కలిసి ఇంట్లోనే ఆయిల్ మార్చుకుంటారని, బ్రేకు ప్యాడ్లు కూడా మీరే వేసుకుంటారని నిన్న అమ్మ ఫోనులో చెప్పింది. గర్వంతో కడుపు నిండిపోయింది కానీ, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే పొద్దున్నే కాగితం పట్టుకున్నాను.

ఆ బండి మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు. నాకూ ఉంది. 1983 చివర్లో మారుతి 800 కొత్తగా వచ్చినప్పుడు, అంబాసిడర్లకు అలవాటు పడ్డ మా ఆటోనగర్ చేతులకు ఆ మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను బొమ్మలాగే కనిపించింది. ఇంట్లో పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి బండి లేదు. బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి.

ఆయిల్ సంగతి చిన్నదే. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు పాత ఆయిల్ దించు. ఆయిల్ దించే ప్లగ్గుకు కొత్త వాషర్ వెయ్యి. ముందు వేళ్లతోనే తిప్పి, చివర్లో మాత్రమే పానా పెట్టు. బలం చూపిస్తే ఆయిల్ చాంబరు మర పోతుంది. కొత్త ఆయిల్ కొంచెం కొంచెంగా పోస్తూ, ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ చూసుకో. పాత ఆయిల్ కాలువలో పోయకు, డబ్బాలో పట్టి ఏదైనా షెడ్డులో ఇచ్చెయ్యి.

ఇప్పుడు అసలు మాట. జాకీ బండిని ఎత్తుతుందే కాని, మొయ్యదు. ఈ మాట షెడ్డులో పిల్లలకు 40 ఏళ్లు చెప్పాను. చెప్పే అర్హత ఎలా వచ్చిందో మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1989 వానాకాలం. మీ బావకు పదేళ్లు. తెలిసినవాళ్ల అంబాసిడర్ సైలెన్సర్ బోల్టు వదులైతే, ఆదివారమే కదా అని మా వాకిట్లోకే తెప్పించాను. జాకీ మీద ఎత్తి, వెనక చక్రం ఒకటి ఊడదీసి, పక్కన రెండు ఇటుకలు పేర్చి కిందికి దూరాను. వాడు నా పక్కనే బోర్లా పడుకుని టార్చి పట్టుకున్నాడు.

"నాన్నా, ఇటుకలో గీత ఉంది" అన్నాడు. లైటు కదపవద్దన్నాను. కాసేపాగి, "నాన్నా, ఆ గీత పెద్దదవుతోంది" అన్నాడు. బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది, చెమట కళ్లలోకి కారుతోంది. "నీకు పని చేతకాదు కానీ మాటలు మాత్రం వస్తాయి" అని గదమాయించాను. ఇంకేమీ అనలేదు వాడు. చెయ్యి నొప్పి పుట్టినట్టుంది, ఊడదీసిన చక్రాన్ని నెమ్మదిగా బండి కిందికి తోసి, దాని మీద టార్చి ఆనించాడు. పద్నాలుగో నంబరు పానా తెమ్మంటే బయటికి పాకి ఇంట్లోకి వెళ్లాడు.

ముందు జాకీ ఒరిగింది. బరువంతా పడగానే ఇటుక పొడి పొడిగా రాలింది. ఆ ఎర్రదుమ్ము వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. బండి దిగి వచ్చి, వాడు తోసిన చక్రం మీద ఆగింది. నా భుజం నలిగింది, ప్రాణం మిగిలింది. పక్కింటివాళ్లు లాగితే బయటపడ్డాను. టార్చి అప్పడంలా చితికిపోయింది. దాని పక్కన నేల మీద, వాడు పడుకున్న మేర, ఇంకా తడి ఆరలేదు.

పానా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏడవలేదు. "టార్చి పగిలింది నాన్నా, తిడతావా?" అన్నాడు.

బుజ్జీ, ఆ తర్వాత వాడు ఒక్కసారి కూడా పానా ముట్టుకోలేదు. నేనూ రమ్మనలేకపోయాను. పాపను పక్కన కూర్చోబెట్టుకుంటున్నావని వినగానే నా గుండె ఎందుకు ఝల్లుమందో ఇప్పుడు నీకు తెలుస్తుంది. ఎత్తు తక్కువ కాబట్టి మన కంట పడనివి పిల్లలకు కనిపిస్తాయి. పాప "అమ్మా" అంటే పానా కింద పెట్టి, బయటికి వచ్చి, అది చూపించినది చూడు. ఏమీ లేకపోయినా సరే, చూడు. నీకు కోపం త్వరగా వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే, అందుకే ఇంత చెబుతున్నాను.

టైరు విప్పాలంటే నట్లు నేల మీదే వదులు చెయ్యి. చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. పాపను బండి కిందికి మాత్రం ఎప్పటికీ పంపకు. బండి బరువు మోసే జాకీ స్టాండ్లు ఉన్నా పంపకు. పైన పని చాలు దానికి. మూడు స్పార్క్ ప్లగ్గులూ అదే విప్పుతుంది, చూస్తుండు.

ఇద్దరూ గాజులు తీసెయ్యండి. బంగారు గాజు బ్యాటరీకీ బాడీకీ మధ్య తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది, షెడ్డులో ఒక చేతికి ఆ మచ్చ చూశాను. బ్యాటరీ విప్పేటప్పుడు నల్లతీగ ముందు, బిగించేటప్పుడు నల్లతీగ చివర. జడ ముడి వేసుకోండి. తాళం ఆన్‌లో ఉంటే, ఇంజను ఆగినా రేడియేటర్ ఫ్యాను తిరగవచ్చు. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. షట్టర్ వేసి ఇంజను నడపవద్దు, ఆ పొగ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

బ్రేకుల విషయంలో మాత్రం నా మాట కాదనకు. మొదటిసారి తెలిసిన మెకానిక్‌ను పక్కన నిలబెట్టుకో. ప్యాడ్లు వేశాక, బండి కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మరచిపోయి నేరుగా గేటును గుద్దినవాళ్లు నాకు తెలుసు.

రెండు జాకీ స్టాండ్లు ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాను. నా షెడ్డువే, బరువు మోసి మోసి నిలిచినవి. వాటితో పాటు పాప చేతికి సరిపడే పదో నంబరు పానా ఒకటి, తలకు తగిలించుకునే లైటు ఒకటి పెట్టాను. లైటు పట్టుకునే పని దానికి వద్దు. అందగానే ఫోను చెయ్యి, స్టాండు ఎక్కడ ఆనించాలో వీడియోలో చూపిస్తాను. అప్పటిదాకా నాలుగు టైర్లూ నేల మీదే ఉండాలి.

మీ మామయ్య
విజయవాడ