ఫెవిక్విక్‌తో అంటించినా కారు లోపలి మిర్రర్ మళ్ళీ ఊడిపోతోంది, ఏ గమ్ వాడాలి?

ఎండలో ఆపిన కారులో రియర్ వ్యూ మిర్రర్ ఊడి డ్యాష్‌బోర్డ్ మీద పడిందనీ, ఫెవిక్విక్‌తో అంటిస్తే వారం తిరక్కముందే మళ్ళీ ఊడిందనీ రాశారు. గమ్ పేరు చెప్తాను గానీ, కొనడానికి వెళ్ళే ముందు ఒక పని చేయండి. మిర్రర్ కాడను గాజుకు పట్టి ఉంచే చిన్న లోహపు బిళ్ళ ఊడింది కదా, దాన్ని, అది ఊడిన చోట గాజును వెలుతురులో పక్కపక్కనే పెట్టి చూడండి. పాత గమ్ ఎక్కడ మిగిలిందో అదే మీకు కారణం చెప్తుంది.

గమ్ అంతా బిళ్ళకే ఉండి గాజు శుభ్రంగా కనిపిస్తే, గాజు మీద జిడ్డు ఉండగానే అంటించారన్నమాట. గమ్ అంతా గాజుకే ఉండి బిళ్ళ మెరుస్తుంటే, బిళ్ళను గరుకు చేయలేదు, లేదా వేలి జిడ్డు మిగిలింది. రెండు వైపులా ముక్కలు ముక్కలుగా మిగిలితే గమ్మే మధ్యలో విరిగింది, అంటే ఎంచుకున్న గమ్ తప్పు. నాలుగోది ఒకటుంది, అది కాస్త భయపడాల్సినది: బిళ్ళకు సన్నటి గాజు పెచ్చు అంటుకుని వస్తే, విండ్‌షీల్డ్ లోపలి పొర దెబ్బతింది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి తయారుచేస్తారు. లోపలి పలక పెచ్చు లేచిన చోట మళ్ళీ బరువు వేలాడదీయకూడదు. కారు గ్లాస్ షాపులో చూపించి, వాళ్ళు సరేనంటే బిళ్ళను ఆ పెచ్చుకు దూరంగా జరిపి పెట్టించండి.

ఫెవిక్విక్ లాంటివి సైనోఎక్రిలేట్ గమ్‌లు. చేతికి గట్టిగా పట్టేసినట్టే ఉంటాయి కానీ ఆ పట్టు పెళుసుది. కంపెనీలో అతికించిన బిళ్ళల్లో చాలావాటికి ఆ పీవీబీ పొరనే వేసి, వేడి, ఒత్తిడి కలిపి అంటిస్తారు. అందుకే అవి ఏళ్ళ తరబడి నిలుస్తాయి. పెళుసు గమ్‌కు మన ఎండే పెద్ద పరీక్ష. బిళ్ళ జింక్ మిశ్రమానిదైతే వేడికి గాజు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ సాగుతుంది, ఉక్కుదైతే కొద్దిగానే ఎక్కువ. రెండు సెంటీమీటర్ల జింక్ బిళ్ళ 50 డిగ్రీలు వేడెక్కితే గాజుకూ దానికీ మధ్య మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతు తేడా వస్తుంది. వినడానికి చిన్నదే, కానీ పల్చటి గమ్ పొర రోజూ మధ్యాహ్నం ఆ లాగుడు, రాత్రి ఆ ముడుచుకోవడం భరించాలి. మామూలు సైనోఎక్రిలేట్ 80 డిగ్రీల దరిదాపుల్లోనే బలం కోల్పోతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో నీడ లేని చోట ఆపిన కారులో, నల్లటి బిళ్ళ మీద నేరుగా ఎండ పడుతుంటే ఆ హద్దు ఎంతో దూరంలో ఉండదు. పైన గతుకుల రోడ్డు అదురు ఎలాగూ ఉంది.

ఎం-సీల్ వద్దు, అది ముద్ద, మందంగా కూర్చుంటుంది. అరాల్డైట్ కొన్నాళ్ళు నిలుస్తుంది కానీ నున్నటి గాజు మీద తేమకు అంచుల నుంచి లేచిపోయే అవకాశం ఉంది. సిలికాన్ సీలెంట్ మెత్తన, మిర్రర్ వణుకుతూనే ఉంటుంది. డబుల్ సైడ్ టేప్ డ్యాష్ కెమెరాకు సరిపోతుంది, మాటిమాటికీ చేత్తో సర్దే మిర్రర్‌కు కాదు. ఆన్‌లైన్‌లో కొనే యూవీ గమ్, అంటే అతినీలలోహిత కిరణాలు తగిలితే గట్టిపడే గమ్ గురించి కూడా చెప్పాలి. బయట నుంచి ఎండ తగిలితే గట్టిపడుతుందనుకుంటారు. విండ్‌షీల్డ్‌లోని పీవీబీ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు మొత్తంగా ఆపేస్తుంది. బిళ్ళేమో లోపలి వైపు ఉంటుంది. దాంతో గమ్ లోపల పచ్చిగానే ఉండిపోతుంది. గ్లాస్ షాపుల్లో వాడేది గాజు గుండా పనిచేసేలా తయారైన రకం, దాని దీపం వేరు.

మీరు కొనాల్సింది రియర్ వ్యూ మిర్రర్ అడ్హెసివ్ అని రాసి ఉన్న కిట్. పెర్మాటెక్స్, లాక్‌టైట్, 3ఎం మూడింటిలో ఏదైనా పర్వాలేదు. మామూలుగా అందులో రెండు ఉంటాయి: చిన్న గొట్టంలోనో తడి కాగితంగానో యాక్టివేటర్, రెండు మూడు చుక్కల గమ్. యాక్టివేటర్ లేకుండా గమ్ ఒక్కటే అమ్మేది తీసుకోకండి. ఈ తరహా గమ్ గాలి ఆడని సన్నటి సందులో, యాక్టివేటర్ తగిలిన చోట గట్టిపడుతుంది. దీని పనితీరంతా ఆ ఒక్క గుణం మీదే నడుస్తుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ పడుతుందనే లెక్క ఇక్కడ తిరగబడుతుంది: మందంగా వేసిన పొర మధ్యలో సరిగ్గా గట్టిపడదు.

మొదట బిళ్ళను మిర్రర్ కాడ నుంచి విడదీయండి. మిర్రర్‌తో సహా అంటించాలని చూడకండి, ఆ బరువుకు బిళ్ళ జారుతుంది, సమంగా కూర్చోదు. కాడ అడుగున చిన్న స్క్రూ ఉంటే టార్క్స్ టి-20 బిట్టో చిన్న అలెన్ కీయో పడుతుంది. స్క్రూ కనబడకపోతే స్ప్రింగ్ క్లిప్ రకం కావచ్చు. ఫోక్స్‌వాగన్, స్కోడా బండ్లలో తిప్పితే ఊడే రకం కనిపిస్తుంది, వాటిని బలంగా లాగకండి. మారుతి 800, ఆమ్ని లాంటి పాత బండ్లలో మిర్రర్ గాజుకు కాదు, పైకప్పుకు స్క్రూలతో ఉంటుంది. వాటికి ఈ గొడవే లేదు.

విడదీసే ముందు, లేదా విడదీశాక బిళ్ళను ఒకసారి ఉత్తినే కాడలోకి జొనిపి చూసి, ఫోన్లో ఫొటో తీసుకోండి. ఏ ముఖం గాజు వైపు ఉండాలో, ఏ కొస పైకి ఉండాలో అప్పుడు తెలిసిపోతుంది. జారుడు గాడి ఉన్న బిళ్ళకు ఒక కొస సన్నగా, ఒకటి వెడల్పుగా ఉంటుంది. సన్న కొస పైకి రావాలి. అప్పుడే మిర్రర్ పై నుంచి కిందికి జారి వెడల్పు దగ్గర బిగుసుకుని ఆగుతుంది. తలకిందులుగా అంటిస్తే గమ్ ఎంత బాగా పట్టినా మిర్రర్ నిలవదు, బిళ్ళను మళ్ళీ పీకాల్సి వస్తుంది. అలా పీకేటప్పుడే లోపలి గాజు పెచ్చు లేస్తుంది.

చోటు గుర్తు గాజు బయటి వైపు పెట్టండి. బిళ్ళ చుట్టూ మాస్కింగ్ టేప్ ముక్కలు నాలుగు అంటించి, నిలువు గీత ఒకటి మార్కర్‌తో గీస్తే చాలు. లోపల గీసిన గుర్తు శుభ్రం చేసేటప్పుడు చెరిగిపోతుంది. సన్‌వైజర్ దించి చూసి, మిర్రర్‌కు తగలదని రూఢి చేసుకోండి.

ఇక శుభ్రం చేయడం. మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ పనిలోనే ఉంది, తీరిగ్గా చేయండి. డ్యాష్‌బోర్డ్ మీద మందపాటి తువ్వాలు పరవండి, అసిటోన్ చుక్క పడితే ప్లాస్టిక్ మచ్చ పడి కరుగుతుంది. అసిటోన్‌లో తడిపిన గుడ్డ ముక్కను పాత ఫెవిక్విక్ మీద కాసేపు ఒత్తి ఉంచితే అది మెత్తబడుతుంది. కొత్త బ్లేడును గాజుకు దాదాపు పడుకోబెట్టి గీకితే పొరలు పొరలుగా లేస్తుంది. బ్లేడు మొన గాజును గుచ్చకుండా చూసుకోండి. గాజు మీద సాండ్ పేపర్ అసలు వాడకండి. బిళ్ళ పెట్టే చోట నల్లటి చుక్కల పూత ఉంటే మరీ మెల్లగా గీకండి, ఆ పూత లేచిపోకూడదు. లోపలి వైపు ఫిల్మ్ వేయించి ఉంటే ఆ చోటు వరకు కోసి తీసేయాలి. లేకపోతే మీరు బిళ్ళను అంటించేది ఫిల్మ్‌కే గానీ గాజుకు కాదు.

గమ్ పోయాక కంటికి కనిపించని శత్రువు ఇంకొకటి మిగులుతుంది, సిలికాన్. మన దగ్గర కారు కడిగించిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డ్‌కు పాలిష్ కొడతారు. స్ప్రే తుంపర కొంత నేరుగా గాజు మీద పడుతుంది, మిగతాది వేడికి ఆవిరై చేరుతుంది. స్పిరిట్‌తో ఒకసారి తుడిచినంత మాత్రాన అది పోదు. మొదట గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్ళలో వేసి గట్టిగా రుద్ది కడగండి, మంచినీళ్ళ గుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. ఆరాక అసిటోన్, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ప్రతిసారీ కొత్త గుడ్డతో. నెయిల్ పాలిష్ రిమూవర్‌లలో చాలావాటికి నూనె, సెంటు కలుపుతారు. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది. పెట్రోలు జిడ్డు మిగులుస్తుంది. అద్దాలు తుడిచే నీలం స్ప్రే కూడా సన్నటి పొర మిగులుస్తుంది. ఇవేవీ చివరి తుడుపుకు పనికిరావు.

శుభ్రమైందో లేదో నీళ్ళే చెప్తాయి. ఆల్కహాల్ వేసే ముందు ఆ చోట తడివేలితో నీటి పొర పూయండి. నీరు పల్చగా, ఎక్కడా తెగకుండా పరుచుకుని ఉండిపోతే గాజు సిద్ధం. తామరాకు మీద నీటిలా ముత్యాలుగా విడిపోతే సిలికాన్ ఇంకా ఉంది, మళ్ళీ సబ్బు దగ్గర మొదలుపెట్టండి. ఈ పరీక్ష నెగ్గనిదే గమ్ మూత తీయకండి.

బిళ్ళను 320 నంబరు సాండ్ పేపర్ మీద రుద్దండి. కాగితాన్ని నున్నటి టైల్ మీద పరిచి, బిళ్ళను దాని మీద గుండ్రంగా తిప్పుతూ రుద్దితే ముఖం సమతలంగా ఉంటుంది. చేత్తో పట్టుకుని కాగితంతో రుద్దితే అంచులు అరిగి, మధ్యలో ఉబ్బెత్తు మిగులుతుంది. మెరుపు పోయి అంతటా ఒకే మసక రంగు రావాలి. తర్వాత గుడ్డకు నలుపు అంటనంత వరకు ఆల్కహాల్‌తో తుడిచి, ఆ ముఖాన్ని మళ్ళీ వేలితో తాకకండి.

అంటించే వేళ కూడా ముఖ్యమే. గాజు వేలికి గోరువెచ్చగా ఉండాలి. మనకు చలికంటే వేడే చిక్కు: మిట్టమధ్యాహ్నం కాలే గాజు మీద యాక్టివేటర్, గమ్ మీరు బిళ్ళ సర్దే లోపే పట్టేస్తాయి. పొద్దున్నే, నీడలో చేయండి. వానాకాలంలో ఏసీ వేసుకుని వచ్చిన వెంటనే చేయొద్దు, గాజు చల్లగా ఉండి తేమ పడుతుంది. అమెరికాలో, కెనడాలో చలికాలం చేసేవాళ్ళు కారును గరాజ్‌లో పెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో నెమ్మదిగా వెచ్చబెట్టాలి. వేడినీళ్ళు పోస్తే గాజు పగలవచ్చు.

కిట్ కాగితంలో రాసినట్టు యాక్టివేటర్‌ను గాజుకూ బిళ్ళకూ పల్చగా పూసి పూర్తిగా ఆరనివ్వండి. ఊది ఆరబెట్టకండి, ఊపిరిలో తేమ ఉంటుంది. బిళ్ళ మధ్యలో ఒకే చుక్క గమ్ వేసి, టేపు గుర్తుల మధ్య పెట్టి, బొటనవేలితో నేరుగా ఒత్తండి. ఒక నిమిషం పాటు వేలు కదలకూడదు. వంకరగా ఉందని రెండో క్షణంలో జరపబోతే అప్పుడే మొదలైన పట్టు తెగుతుంది, ఇక అది బాగుపడదు. అలా జరిగితే తీసేసి, మళ్ళీ శుభ్రం చేసి, కొత్త చుక్కతో మొదలుపెట్టడమే మేలు.

ఇప్పుడు బయటకు వెళ్ళి గాజు గుండా బిళ్ళను చూడండి. గమ్ తడిపిన భాగం ముదురు రంగులో, గాలి చిక్కిన భాగం వెండిలా లేత రంగులో కనిపిస్తుంది. అంచున చిన్న తునక పర్వాలేదు. మూడో వంతు వెండిలా ఉంటే అది ఎక్కువ రోజులు ఆగదు. నల్ల పూత మీద అంటిస్తే ఈ పరీక్ష కుదరదు, అక్కడ శుభ్రతే మీకు పూచీ. అంచు చుట్టూ బయటికి వచ్చిన గమ్ గాలి తగిలి జిగటగానే ఉండిపోతుంది. కంగారుపడకండి, మర్నాడు ఆల్కహాల్ గుడ్డతో తుడిచేయండి.

కిట్ మీద పదిహేను నిమిషాలకే మిర్రర్ తగిలించవచ్చని రాసి ఉండవచ్చు. నా మాటైతే 24 గంటలు ఆగండి. తగిలించే ముందు బిళ్ళను వేలితో పక్కకు నెట్టి చూడండి, కదిలేదైతే అప్పుడే కదలనివ్వండి. మిర్రర్‌ను పై నుంచి జారవిడిచి, స్క్రూ తగిలాక పావు చుట్టు తిప్పితే చాలు. అంతకు మించి బిగిస్తే ఆ స్క్రూయే బిళ్ళను గాజు నుంచి తోసేస్తుంది. బిళ్ళ కదలకుండా మిర్రర్ మాత్రమే వణుకుతుంటే అది గమ్ పని కాదు, కాడలోని బాల్ జాయింట్ వదులైంది.

మిర్రర్ మీద క్లిప్‌తో తగిలించే వెడల్పు అద్దం, మిర్రర్ రకం డ్యాష్ కెమెరా ఉంటే తీసేయండి. వాటి బరువు కాడ చివర పడి బిళ్ళను పై అంచు నుంచి ఒలుస్తుంది. దేవుడి బిళ్ళలు, సెంటు సీసాలు గతుకుల్లో ఊగే ప్రతిసారీ అదే పని చేస్తాయి. స్వామివారిని డ్యాష్‌బోర్డ్ మీద కూర్చోబెట్టుకోండి, చూపుకూ అడ్డం ఉండదు.

మిర్రర్ వెనుక వాన సెన్సరో, లేన్ చూసే కెమెరానో ఉంటే వాటి బ్రాకెట్‌ను ఈ పద్ధతిలో అంటించకండి. కెమెరా కొద్దిగా పక్కకు తిరిగినా కారు తానే బ్రేకు వేసే లెక్క తప్పుతుంది. అది అతికించాక క్యాలిబ్రేషన్, అంటే కెమెరా గురి సరిచేయడం, చేయగల సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. తానే మసకబారే ఆటో డిమ్మింగ్ మిర్రర్ ఒక్కటే అయితే ఇంట్లో చేసుకోవచ్చు. కాకపోతే వైర్ కనెక్టర్ ముందు విప్పి, తగిలించేటప్పుడు వైరుకు కాస్త వదులు ఉంచండి. బిగుతు వైరు కూడా బిళ్ళను లాగుతూనే ఉంటుంది.